తెలిసి ఇచ్చిన మాట
ఆమిష్ ప్రజల కథ: రెండవ భాగం

పోయిన భాగం జ్యూరిక్ నగరంలో, లిమ్మాట్ నది ఒడ్డున ఆగింది. 1525 జనవరి 21 రాత్రి ఫెలిక్స్ మాంజ్ ఇంట్లో కొద్దిమంది పోగయ్యారు. పసితనంలో తమకు ఊహ తెలియకముందు జరిగిన బాప్తిస్మం చెల్లదని తేల్చుకున్నారు. ఒకరికొకరు మళ్ళీ బాప్తిస్మం ఇచ్చుకున్నారు. రెండేళ్ళు నిండకుండానే, 1527 జనవరి 5న, అదే మాంజ్‌ను చేతులు మోకాళ్ళకు బిగించి కట్టి ఆ నదిలో ముంచి చంపారు. నీళ్ళతో చేసిన నేరానికి నీళ్ళే శిక్ష అని నగర పాలకులు అనుకున్నారు.

పసిబిడ్డకు బాప్తిస్మం వద్దంటే ఇంత పగ ఎందుకు? ఆ కాలంలో బాప్తిస్మం మతానికి మాత్రమే సంబంధించిన తంతు కాదు. చర్చి పుస్తకంలో పేరు ఎక్కితే ఆ బిడ్డ ఆ ఊరి మనిషి అయినట్టు. పెద్దయ్యాక పన్ను కట్టాలి, పిలిస్తే కత్తి పట్టాలి, పాలకుల ముందు ప్రమాణం చేయాలి. రాజ్యమూ చర్చీ ఒకే తాటి మీద నడిచే చోట, మనిషి తెలిసి మాట ఇచ్చేదాకా ఏ సంఘానికీ చెందడు అనడం ఆ తాటిని తెంచడమే. వాళ్ళు కత్తి పట్టబోమన్నారు, ఒట్టు వేయబోమన్నారు. అందుకే కాథలిక్కులూ సంస్కరణవాదులూ ఒకరితో ఒకరు యుద్ధాలు చేసుకుంటూనే వీళ్ళ విషయంలో మాత్రం ఒక్కటయ్యారు. అనాబాప్టిస్టులు, అంటే మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు, అన్న పేరు శత్రువులు పెట్టింది. 1536లో కాథలిక్ గురువు పదవి వదిలి వీళ్ళలో కలిసిన డచ్చి దేశస్థుడు మెన్నో సైమన్స్ పేరు మీద వీళ్ళలో చాలామందికి తర్వాత మెన్నొనైట్లు అన్న పేరు స్థిరపడింది.

ఆ పేరు తెలంగాణలో కొత్తది కాదు. రష్యా సామ్రాజ్యంలో స్థిరపడ్డ మెన్నొనైట్ కుటుంబాల నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో బయల్దేరి వచ్చి నల్గొండ ప్రాంతంలో పని మొదలుపెట్టారు. 1899లో అమెరికా నుంచి మరికొందరు వచ్చారు. మహబూబ్‌నగర్ వైపు పల్లెల్లో మెన్నొనైట్ బ్రదరెన్ చర్చిలు ఈనాటికీ ఉన్నాయి. శంషాబాద్‌లో వాళ్ళ బైబిల్ కళాశాల ఉంది. అక్కడ ఆదివారం పాట పాడే తెలుగు కుటుంబాలకూ, పెన్సిల్వేనియాలో గుర్రపు బండి తోలే ఆమిష్ రైతుకూ వేరు ఒకటే, జ్యూరిక్‌లోని ఆ ఇల్లు.

ఆ వేరు నుంచి ఆమిష్ కొమ్మ విడిగా చీలింది 1693లో. చీల్చినవాడు ఒక దర్జీ.

యాకోబ్ అమ్మాన్ స్విట్జర్లాండ్‌లోని బెర్న్ రాజ్యంలో, ఎర్లెన్‌బాఖ్ అనే ఊళ్ళో 1644లో పుట్టాడు. ప్రభుత్వ చర్చిలోనే పెరిగి, నడివయసుకు చేరువయ్యాక అనాబాప్టిస్టుల్లో కలిశాడు. అప్పటికి వాళ్ళను చంపడం తగ్గింది. జ్యూరిక్‌లో చివరిగా తల తెగింది హాన్స్ లాండిస్‌ది, 1614లో. కానీ జైళ్ళు, జరిమానాలు, ఆస్తి జప్తులు, దేశ బహిష్కారాలు ఆగలేదు. బెర్న్ పాలకులు వీళ్ళను పట్టుకోవడానికి జీతం ఇచ్చి వేటగాళ్ళను పెట్టారు. ఆ కాలంలో అడవి అంచు కొట్టాల్లో దాక్కున్న కుటుంబాలకు రాత్రిపూట రొట్టె తెచ్చి ఇచ్చింది, వేటగాళ్ళు వస్తున్నారని ముందే కబురు చేసింది ఇరుగుపొరుగు వాళ్ళే. వాళ్ళు ప్రభుత్వ చర్చికి వెళ్ళేవాళ్ళు, మళ్ళీ బాప్తిస్మం తీసుకునే ధైర్యం లేనివాళ్ళు, మనసు మాత్రం వీళ్ళ వైపు ఉన్నవాళ్ళు. వాళ్ళను జర్మన్‌లో మంచి మనసున్నవాళ్ళు అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు.

ఈ మంచి మనసున్నవాళ్ళకు మోక్షం ఉందా లేదా అన్నది చీలికకు ఒక కారణమైంది. ఎమ్మెన్‌తాల్ లోయలో పెద్దాయన హాన్స్ రైస్ట్ ఉందన్నాడు. ప్రాణానికి తెగించి మనల్ని దాచినవాళ్ళను దేవుడు తోసేస్తాడా అన్నది ఆయన పక్షం. అమ్మాన్ ఒప్పుకోలేదు. బాప్తిస్మం తీసుకోనివాడు, కష్టం మీదేసుకోనివాడు, మాట ఇవ్వనివాడు సంఘంలో భాగం ఎలా అవుతాడని ఆయన వాదన. రెండో తగాదా దీనికి అవతలి కొస. మాట ఇచ్చి తప్పినవాడిని ఏం చేయాలి? సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గరికి రానీయకపోతే చాలన్నాడు రైస్ట్. అది చాలదు, ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూడా అతనితో కలిసి కూర్చోకూడదన్నాడు అమ్మాన్. 1632 నాటి డార్‌డ్రెక్ట్ విశ్వాస ప్రకటనలో డచ్చి మెన్నొనైట్లు రాసుకున్నది కూడా అదే. ఆయన ఏడాదికి ఒకసారి ఉన్న ప్రభువు బల్లను రెండుసార్లు చేయాలన్నాడు, ఒకరి కాళ్ళు ఒకరు కడగాలన్నాడు.

1693 వేసవిలో అమ్మాన్ కొద్దిమందిని వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి పెద్దలను నిలదీశాడు. ఒక కొట్టంలో సమావేశం పెడితే, కోతల పని తెమలడం లేదని రైస్ట్ రాలేదు. అమ్మాన్ అక్కడికక్కడే రైస్ట్‌ను వెలివేశాడు, ఆయన వైపు మాట్లాడినవాళ్ళనూ వెలివేశాడు. ఆ కొట్టంలో ఉన్న ఆడవాళ్ళు తొందరపడవద్దని బతిమాలారు. ఆయన వినలేదు.

ఆ తర్వాత జరిగింది చాలామంది చెప్పరు. 1700లో అమ్మాన్, ఆయన అనుచరులు తాము తొందరపడి, పెద్దలను సంప్రదించకుండా ఆ పని చేశామని ఒప్పుకున్నారు. తమను తామే వెలివేసుకుని, క్షమించి దగ్గరికి తీసుకోమని అవతలి వర్గాన్ని అడిగారు. సయోధ్య కుదరలేదు. భోజనాల బల్ల దగ్గర వెలి అన్న ఒక్క విషయం మీద ఎవరూ దిగిరాలేదు. పొరపాటు పద్ధతిలోనే గానీ నియమంలో కాదని అమ్మాన్ నమ్మాడు. ఇంత పట్టుదల మనిషి తనను తాను వెలివేసుకోవడం నాకు ఎప్పుడు చదివినా కొత్తగానే తోస్తుంది. తన నియమం తనకూ వర్తిస్తుందని నమ్మినవాడు మాత్రమే అలా చేయగలడు.

ఆయన పేరు మీదే వాళ్ళు ఆమిష్ అయ్యారు. అప్పటికే చాలా కుటుంబాలు బెర్న్ వదిలి ఫ్రాన్స్ సరిహద్దులోని ఆల్సాస్‌కు చేరాయి. ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో జనం చచ్చిపోయి బీడు పడ్డ భూములవి. కష్టపడి సాగుచేసేవాళ్ళు దొరికితే మతం సంగతి అడగని జమీందార్లు అక్కడ ఉన్నారు. అది కూడా ఎన్నాళ్ళో నిలవలేదు. 1712లో పద్నాలుగో లూయీ వీళ్ళను వెళ్ళగొట్టమని ఉత్తర్వు ఇచ్చాడు. సామాను బండ్లకెక్కించుకుని మళ్ళీ బయల్దేరారు. ఈ జనానికి భూమి ఎప్పుడూ కౌలుదే. కౌలు భూమిని సారవంతం చేసి ఇచ్చే పేడ ఎరువు, పంట మార్పిడి, పశువుల పెంపకం వీళ్ళకు బాగా వచ్చు. తర్వాత అమెరికాలో వీళ్ళ వ్యవసాయాన్ని చూసి జనం ముక్కు మీద వేలేసుకోవడానికి మూలం ఇక్కడుంది.

అమెరికాలో విలియం పెన్ అనే క్వేకర్ తన కాలనీకి ఏ విశ్వాసం వాళ్ళయినా రావచ్చని పిలిచాడు. రైన్ నది మీదుగా రాటర్‌డామ్‌కు, అక్కడి నుంచి ఓడలో ఫిలడెల్ఫియాకు. 1737లో చార్మింగ్ నాన్సీ అనే ఓడలో చాలా ఆమిష్ కుటుంబాలు వచ్చాయి. పద్దెనిమిదో శతాబ్దం మొత్తం మీద వచ్చినవాళ్ళు 500 మందికి అటూ ఇటూ. పందొమ్మిదో శతాబ్దంలో మరో 3,000 మంది. ఐరోపాలో మిగిలినవాళ్ళు నెమ్మదిగా మెన్నొనైట్లలో కలిసిపోయారు. అక్కడి చివరి ఆమిష్ సంఘం, జర్మనీలోని ఇక్స్‌హైమ్‌ది, 1937లో కలిసిపోయింది. ఇవాళ ఆమిష్ ప్రజలు పుట్టిన గడ్డ మీద ఆమిష్ సంఘం ఒక్కటీ లేదు.

ఆ 1737లోనే పెన్సిల్వేనియాలో ఇంకొకటి జరిగింది. పెన్ కొడుకులు లెనాపే ఆదివాసుల భూమిని మోసంతో రాయించుకున్నారు. ఒక మనిషి ఒకటిన్నర రోజులో నడిచినంత మేర అన్నది ఒప్పందం. దారి ముందే చదును చేయించి, పరుగుపందెం వీరులను పెట్టి, ఆదివాసులు కలలో కూడా ఊహించనంత నేల లాక్కున్నారు. ఆమిష్ రైతులు ఆ మోసంలో లేరు. కానీ వాళ్ళు చెట్లు కొట్టి, ఇళ్ళు కట్టుకున్న సరిహద్దు భూములు ఆదివాసులను అంచెలంచెలుగా వెనక్కి నెట్టి ఖాళీ చేయించినవే. వాళ్ళ తొలి పెద్ద ఊరు నార్త్‌కిల్ వాగు ఒడ్డున, బ్లూ పర్వతం కింద వెలిసింది. ఫ్రెంచి వాళ్ళకూ ఇంగ్లీషు వాళ్ళకూ యుద్ధం వచ్చినప్పుడు ఆ కొండకు అవతలి నుంచి దాడులు మొదలయ్యాయి.

1757 సెప్టెంబరు 19 రాత్రి యాకోబ్ హోఖ్‌స్టెట్లర్ ఇంట్లో కుక్క మొరిగింది. ఆ కుటుంబం వాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్న కథ ఇది. చిన్న యాకోబ్ తలుపు తెరిచాడు, కాలికి తూటా తగిలింది. తలుపు వేసేసి తమ్ముళ్ళు జోసెఫ్, క్రిస్టియన్ తుపాకులు అందుకున్నారు. ఇంట్లో వేటకు వాడే తుపాకులున్నాయి, తూటాలున్నాయి, గురి తెలిసిన పిల్లలే. బయట వెలుతురులో డజను మంది దాకా కనబడుతున్నారు. తండ్రి కాల్చవద్దన్నాడు. కొడుకులు బతిమాలారు. మన ప్రాణం కాపాడుకోవడానికి ఇంకొకరి ప్రాణం తీయడం తగదన్న మాట మీద ఆయన కదలలేదు. ఇంటికి నిప్పు పెట్టారు. కుటుంబమంతా నేలమాళిగలోకి దిగి, పీపాల్లో ఉన్న ఆపిల్ రసం చల్లి పైనుంచి పడే మంటను ఆర్పుకుంటూ తెల్లవార్లూ గడిపారు. వేకువన దాడి చేసినవాళ్ళు వెళ్ళిపోతున్నారనుకుని చిన్న కిటికీలోంచి ఒక్కొక్కరూ బయటకు పాకారు. తోటలో పీచ్ పళ్ళు కోసుకుంటూ వెనకబడ్డ ఒక కుర్రవాడు చూసి కేకేశాడు. తల్లి, చిన్న యాకోబ్, ఒక కూతురు అక్కడే చనిపోయారు. తండ్రినీ ఇద్దరు కొడుకులనూ పట్టుకుపోయారు.

తండ్రి మరుసటి ఏడు తప్పించుకుని, నది మీద తెప్ప కట్టుకుని ఇంటిదారి పట్టాడు. కొడుకులను విడిపించమని 1762లో గవర్నరుకు అర్జీ పెట్టుకున్నాడు. పిల్లలు ఏళ్ళ తర్వాత తిరిగి వచ్చారు. పెంచుకున్న ఆదివాసుల ఇళ్ళను వదిలి రావడం వాళ్ళకు తేలిక కాలేదని కూడా ఆ కుటుంబ కథే చెబుతుంది. క్రిస్టియన్ ఆమిష్‌గా ఉండలేదు, మరో సంఘంలో కలిసి బోధకుడయ్యాడు.

ఆ తండ్రి చేసింది సరా, తప్పా అని ఆమిష్ ఇళ్ళల్లో ఇప్పటికీ చర్చ లేదు. మాట ఇచ్చాడు, నిలబడ్డాడు, అంతే. బయటినుంచి చదివే నాకు మాత్రం ఆ కూతురు గుర్తొస్తుంది. ఆ మాట తండ్రి ఇచ్చింది.

తర్వాతి వందేళ్ళు ఇక్కడ వేగంగా దాటేద్దాం. ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్, అయోవా వైపు కుటుంబాలు పాకాయి. 1862 నుంచి 1878 దాకా దేశంలోని ఆమిష్ బోధకులు ఇంచుమించు ఏటేటా సమావేశమై ఎంతవరకు మారవచ్చో తేల్చుకోవాలని చూశారు. తేలలేదు. మార్పు కావాలన్న పెద్ద వర్గం చివరకు మెన్నొనైట్లలో కలిసింది. పాత పద్ధతి చాలన్నవాళ్ళు ఓల్డ్ ఆర్డర్ ఆమిష్ అయ్యారు. మనం ఇవాళ ఆమిష్ అనేది ముఖ్యంగా వీళ్ళనే. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేటప్పటికి ఓ 5,000 మంది ఉంటారు. ఇవాళ సుమారు 4 లక్షలు. బయటినుంచి వచ్చి చేరేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది. పెరుగుదలంతా ఇంటికి ఆరేడుగురు పిల్లల వల్ల, ఆ పిల్లల్లో చాలామంది ఉండిపోవడం వల్ల.

ఉండిపోవడం అన్నది దానంతట అది జరగదు. పదహారేళ్ళు వచ్చాక పిల్లలకు రమ్‌స్ప్రింగా అనే కాలం మొదలవుతుంది. వాళ్ళ పెన్సిల్వేనియా జర్మన్ యాసలో ఆ మాటకు తిరుగుళ్ళు అని అర్థం చెప్పుకోవచ్చు. టీవీల వాళ్ళు దీన్ని తాగుడు, కార్లు, అల్లరి అన్నట్టు చూపిస్తారు. అలాంటి పిల్లలూ ఉంటారు. ఎక్కువమందికి అది ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో కుర్రకారంతా బల్లకు అటూ ఇటూ కూర్చుని పాటలు పాడటం, ఇష్టపడ్డ అమ్మాయిని గుర్రపు బండిలో ఇంటి దగ్గర దింపడం. అసలు సంగతి వేరే ఉంది. ఆ వయసులో పిల్ల సంఘ సభ్యురాలు కాదు. ఇంకా మాట ఇవ్వలేదు. కాబట్టి ఆమె మీద సంఘానికి అధికారం లేదు, తల్లిదండ్రులకే ఉంది.

మాట ఇవ్వదలుచుకున్నవాళ్ళు, పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ళ వయసులో, ఒక వేసవంతా బోధకుల దగ్గర డార్‌డ్రెక్ట్ ప్రకటనలోని 18 అంశాలు నేర్చుకుంటారు. ఆదివారం ఆరాధన మొదట్లో జనం కింద పాట పాడుతుంటే వీళ్ళు బోధకులతో వేరే గదిలో కూర్చుంటారు. ఆ పాట చిన్నది కాదు. వాళ్ళ పాటల పుస్తకం ఆస్‌బుండ్‌లో పాతవి 1530ల్లో పాసావు కోట చెరసాలలో ఉన్న అనాబాప్టిస్టులు కట్టినవి. స్వరాలు పుస్తకంలో ఉండవు, నోటినుంచి నోటికి వచ్చినవే. ప్రతి ఆరాధనలోనూ రెండోదిగా పాడే స్తుతిగీతం ఒక్కటే ఇరవై నిమిషాల దాకా సాగుతుంది. బాప్తిస్మానికి ముందు రోజు శనివారం ఆ యువకులను మళ్ళీ పిలిచి, వెనక్కి తగ్గాలంటే ఇదే సమయం అని చెబుతారు. ఇచ్చి తప్పడం కంటే ఇవ్వకపోవడం మేలంటారు. మరునాడు వాళ్ళు మోకరిస్తే బిషప్ దోసిలి పట్టి తల మీద పెడతాడు, పరిచారకుడు ఆ దోసిట్లో నీళ్ళు పోస్తాడు. మగపిల్లలు అదనంగా ఒకటి ఒప్పుకోవాలి. చీటీ తమ పేరున వస్తే బోధకుడిగా పనిచేస్తామని.

ఆ చీటీ సంగతి చెప్పాలి. వీళ్ళకు చర్చి భవనం లేదు, గుడి గంట లేదు, జీతం తీసుకునే గురువు లేడు. ఇరవై నుంచి నలభై కుటుంబాలు ఒక సంఘం. రెండు వారాలకొకసారి ఒక ఇంట్లో ఆరాధన. బల్లలు మోసుకొచ్చే బండి ఇంటింటికీ తిరుగుతుంటుంది. బోధకుడు కావాల్సి వచ్చినప్పుడు ఆడా మగా అందరూ ఒక్కొక్కరుగా వచ్చి తమకు నచ్చిన పేరు చెవిలో చెబుతారు. కొన్ని ఓట్లు దాటినవాళ్ళందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఎంతమంది ఉంటే అన్ని పాటల పుస్తకాలు ముందు పెడతారు. వాటిలో ఒకదాంట్లో బైబిలు వాక్యం రాసిన కాగితం ఉంటుంది. ఒక్కొక్కరూ ఒక పుస్తకం తీసుకుంటారు. ఎవరి పుస్తకంలో కాగితం ఉంటే అతను ఆ నిమిషం నుంచి బతికినంత కాలం బోధకుడు. పొద్దున కొట్టంలో పాలు పితికిన రైతు సాయంత్రానికి మూడు వందల ఏళ్ళ సంప్రదాయాన్ని మోయాల్సినవాడవుతాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు భార్య ఏడుస్తుంది, చుట్టాలు అభినందించరు, భుజం తడతారు.

ఈ మాట ఇచ్చాక తప్పితే వచ్చేది వెలి. మన భాషలో ఆ మాటకు కులం కట్టుబాట్ల కంపు ఉంది. పుట్టుకను బట్టి ఊరి బయట ఉంచడం మనకు తెలిసిన వెలి. వీళ్ళది పుట్టుకతో సంబంధం లేనిది. మాట ఇచ్చినవాడికే వర్తిస్తుంది. అంతమాత్రాన అది తేలికైనదని కాదు. వెలిపడ్డ కొడుకు ఇంటికి రావచ్చు, తల్లి అన్నం పెట్టవచ్చు, కానీ ఒకే బల్ల దగ్గర కూర్చోకూడదు, అతని చేతినుంచి వస్తువు తీసుకోకూడదు. కొన్ని ఇళ్ళల్లో రెండు బల్లలను వేలెడు సందుతో పక్కపక్కన వేసి పైన ఒకే గుడ్డ పరుస్తారు. నియమమూ తప్పదు, బిడ్డా దూరంగా కూర్చోడు. మోకరించి తప్పు ఒప్పుకుంటే ఏ వయసులోనైనా తిరిగి తీసుకుంటారు. ఒప్పుకోనివాళ్ళు ముప్పై, నలభై ఏళ్ళు ఆ వేలెడు సందుకు అవతలే ఉండిపోయారు. ఆ సందులో ఎంత ప్రేమ ఉందో అంత కాఠిన్యమూ ఉంది, ఒకటి చూసి రెండోది దాచడం నావల్ల కాదు.

ఇప్పుడు గుర్రపు బండి సంగతి. వీళ్ళు యంత్రాలు పాపమని నమ్మరు. ఆర్డ్‌నుంగ్ అనే కట్టుబాటు ఉంది, చాలావరకు నోటి మాటగానే నడుస్తుంది. ఏడాదికి రెండుసార్లు, ప్రభువు బల్లకు ముందు, సంఘమంతా కూర్చుని దానికి మళ్ళీ ఒప్పుకోవాలి. ఒప్పుదల కుదరకపోతే ప్రభువు బల్ల వాయిదా పడుతుంది. టెలిఫోన్ కొత్తగా వచ్చినప్పుడు పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ జిల్లాలో కొన్ని ఆమిష్ ఇళ్ళల్లో పెట్టించుకున్నారు కూడా. 1910 ప్రాంతంలో సంఘం వద్దంది. మనిషి ముఖం చూడకుండా మాట్లాడే మాటలు చాడీలవుతున్నాయని, ఇళ్ళకు రావడం తగ్గుతోందని. కానీ డాక్టరును పిలవాలి కదా? నెమ్మదిగా పొలం గట్టున, దారి చివర, చిన్న గుడిసెలాంటి గదిలో నాలుగిళ్ళకు కలిపి ఒక ఫోన్ వచ్చింది. మోగితే ఇంట్లోకి వినబడదు. అవసరమైతే మనిషే దాని దగ్గరికి నడిచి వెళ్ళాలి.

1920 ప్రాంతంలో కరెంటు తీగ వద్దన్నారు. బ్యాటరీ కరెంటు ఫరవాలేదు. తీగ అయితే బయటి లోకాన్ని గోడలోంచి ఇంట్లోకి లాగుతుంది. కారెక్కవచ్చు, కొనకూడదు. కారుంటే దగ్గర చుట్టం దూరమవుతాడు, గుర్రం పోగలిగినంత దూరంలోనే సంఘం నిలుస్తుంది. 1960ల చివర పాల కంపెనీలు పాలను చల్లబరిచే పెద్ద తొట్లు పెట్టకపోతే కొనబోమన్నాయి. పాడి పోతే ఇల్లు గడవదు. లాంకాస్టర్ బిషప్పులు కంపెనీలతో కూర్చుని మాట్లాడారు. చల్లబరచడానికి డీజిల్ ఇంజను, పాలు తిప్పడానికి 12 వోల్టుల బ్యాటరీ, ఆదివారం పాల లారీ రాకూడదు. ఒప్పందం కుదిరింది. కొత్త వస్తువును చూసి మనం ఎంతకొస్తుంది, ఏం చేస్తుంది అని అడుగుతాం. వాళ్ళు ఇది మన మధ్య ఏం చేస్తుంది అని అడుగుతారు. జవాబు అన్ని చోట్లా ఒకటి కాదు. పెన్సిల్వేనియాలోని బిగ్ వ్యాలీ అనే ఒక్క లోయలోనే ఒక వర్గం బండి పైకప్పు తెల్లన, ఇంకొకరిది పసుపు, మరొకరిది నలుపు.

సంఘం లోపల ఇలా తేల్చుకోవచ్చు. ప్రభుత్వంతో చిక్కు వేరు. ముసలితనంలో చూసుకోవడం బిడ్డల పని, సంఘం పని, ప్రభుత్వ బీమా వద్దని సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టని పెన్సిల్వేనియా రైతు ఒకాయన పొలం దున్నుతుండగా 1961లో పన్ను అధికారులు వచ్చి మడక నుంచి గుర్రాలు విప్పి తోలుకుపోయి అమ్మేశారు. దేశమంతా పత్రికల్లో రచ్చయింది. 1965లో చట్టసభ సొంత వ్యవసాయం, సొంత పని చేసుకునే ఆమిష్ వాళ్ళకు మినహాయింపు ఇచ్చింది. కట్టరు, తీసుకోరు.

అంతకంటే లోతుగా తగిలింది బడి. ఊరి చివర ఒక్క గది బడి ఉన్నన్నాళ్ళు వాళ్ళ పిల్లలు మిగతా పిల్లలతో కలిసి అక్కడే చదివారు. చిన్న బడులు మూసి పెద్ద బడులకు బస్సుల్లో తీసుకుపోవడం, పదహారేళ్ళ దాకా హైస్కూలు తప్పనిసరి చేయడం మొదలయ్యాక వాళ్ళు అడ్డం తిరిగారు. ఎనిమిదో తరగతి దాకా చదువు, లెక్కలు, ఇంగ్లీషు, జర్మన్ చాలు. తర్వాత పొలంలో, వంటింట్లో, వడ్రంగం కొట్టులో నేర్చుకోవాలి. పద్నాలుగు, పదిహేనేళ్ళ ప్రాయం మాటకు సిద్ధమయ్యే ప్రాయం. ఆ రెండేళ్ళూ పోటీ నేర్పే చోట పెట్టలేమన్నారు. తండ్రులు జైళ్ళకు వెళ్ళారు.

1965 నవంబరు 19న అయోవాలోని హేజల్టన్ దగ్గర అధికారులు ఆమిష్ బడికి బస్సు తెచ్చి పిల్లలను ఎక్కించబోయారు. ఎవరో పరుగెత్తమని జర్మన్‌లో కేకేశారు. పిల్లలు కంచె దాటి మొక్కజొన్న చేనులోకి పరుగు తీశారు. నల్ల టోపీలు, గౌన్లు, వెనక చేను. ఆ ఫోటో దేశమంతా చూసింది. గవర్నరు హెరాల్డ్ హ్యూస్ జోక్యం చేసుకున్నాడు, రెండేళ్ళకు రాష్ట్రం చట్టం మార్చింది.

అసలు తీర్పు విస్కాన్సిన్ నుంచి వచ్చింది. ఊరి పేరు న్యూ గ్లారస్, స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు 1845లో కట్టిన ఊరు. వీళ్ళను తరిమిన దేశం నుంచి వచ్చినవాళ్ళది. అక్కడ ముగ్గురు తండ్రులు పిల్లలను హైస్కూలుకు పంపలేదు. తలా 5 డాలర్లు జరిమానా పడింది. ఆమిష్ వాళ్ళు కోర్టుకెక్కరు. తిట్టినవాడి మీద, భూమి లాక్కున్నవాడి మీద కూడా వ్యాజ్యం వేయరు. విలియం లిండ్‌హోమ్ అనే లూథరన్ పాస్టరు 1967లో ఒక కమిటీ పెట్టి కేసు భుజాన వేసుకున్నాడు. వాదించింది విలియం బాల్ అనే కాథలిక్కు. ఒకప్పుడు వీళ్ళను కాల్చిన, ముంచిన చర్చిల వాళ్ళే ఇప్పుడు వీళ్ళ తరఫున నిలబడ్డారు.

సాక్షుల్లో ఒకరు టెంపుల్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు జాన్ హోస్టెట్లర్. ఇంటిపేరు గమనించారా? నార్త్‌కిల్ యాకోబ్ ఇంటిపేరే, పలుకుబడి కాస్త మారింది. ఆయన బిగ్ వ్యాలీలో ఆమిష్ ఇంట పుట్టాడు. తండ్రి వెలిపడ్డాడు, ఆ బాధ చిన్నతనంలోనే చూశాడు. చదువుకోవాలనిపించి ఆమిష్ బాప్తిస్మం తీసుకోకుండానే మెన్నొనైట్లలో కలిశాడు. మాట ఇవ్వలేదు గనక ఆయన్ను ఎవరూ వెలివేయలేదు. ఆమిష్ సమాజం మీద ఆయన 1963లో రాసిన పుస్తకం ఈనాటికీ చదవదగ్గది. హైస్కూలు వద్దన్న ఇంట్లోంచి వచ్చి ఆచార్యుడైన మనిషి, ఆ హైస్కూలు పిల్లలను వాళ్ళ లోకం నుంచి పెరికేస్తుందని కోర్టులో చెప్పాడు.

1972 మే 15న అమెరికా సుప్రీంకోర్టు తండ్రుల పక్షాన తీర్పిచ్చింది. రాసింది ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్. కేసు పేరు విస్కాన్సిన్ వర్సెస్ యోడర్. ఆ తర్వాత ఏ రాష్ట్రమూ ఎనిమిదో తరగతి దాటిన ఆమిష్ పిల్లలను బడికి ఈడ్చే ప్రయత్నం చేయలేదు. ఒక్క న్యాయమూర్తి, విలియం డగ్లస్, కొంత విభేదించాడు. తండ్రి విశ్వాసం గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం, పిల్ల ఏమనుకుంటోందో అడగవద్దా అన్నది ఆయన ప్రశ్న. ఆ పిల్ల పియానో వాయించాలనుకోవచ్చు, అంతరిక్షంలోకి వెళ్ళాలనుకోవచ్చు.

నేను ఆమిష్ వాళ్ళ పక్షమే అనుకుంటూ చదివినవాణ్ణి ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. అది బయటివాళ్ళ ప్రశ్న కాదు. 1525లో మాంజ్ ఇంట్లో కూర్చున్నవాళ్ళు జ్యూరిక్ నగరాన్ని అడిగిందే అది. ఎనిమిదో తరగతితో ఆగిన పిల్లకు ఇరవయ్యో ఏట ఆ శనివారం వెనక్కి తగ్గవచ్చని చెబుతారు. తగ్గితే ఎటు వెళ్ళాలో ఆమెకు ఎవరు చూపించారు?

ఆ ముగ్గురు పిల్లల్లో ఒక్క అమ్మాయిని, పదిహేనేళ్ళ పిల్లను, విస్కాన్సిన్ కోర్టులో నిలబెట్టి అడిగారు. హైస్కూలుకు వెళ్ళకపోవడానికి కారణం తన విశ్వాసమేనని ఆమె చెప్పింది. అందుకే ఆమె తండ్రి విషయంలో డగ్లస్ కూడా తీర్పుతో ఏకీభవించాడు. మిగతా ఇద్దరినీ ఎవరూ అడగలేదు.

(సశేషం)